వల కుట్టిన చెయ్యి

“మత్స్యశాఖ వాళ్లొస్తున్నారు. కాఫీ పెట్టి నాలుగు వాఫల్స్ వెయ్యి. మాటలు నేను చూసుకుంటాను,” అన్నాడు ఆస్లాక్ భార్యతో.

టూరిడ్ పిండి కలుపుతూనే తలూపింది. గాలివానకి ఫ్యోర్డులో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, వాళ్లు చేపలు పెంచే మూడో పంజరం వల చిరిగి, పెంపకం సాల్మన్ చేపలు బయటపడ్డాయి. ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు. అవి నదిలోకెక్కి అడవి చేపలతో కలిస్తే ఆ జాతే పాడవుతుందని, అనుమానం వచ్చినా సరే వెంటనే మత్స్యశాఖకి ఫోన్ చేయాలన్నది నార్వే చట్టం. “అనుమానం నీకు గానీ నాకు లేదుగా,” అని నవ్వాడు ఆస్లాక్. ఫోన్ ఆమే చేసింది. అప్పట్నుంచీ మొహం ముడుచుకుని తిరుగుతున్నాడు.

చిరిగిన వలని గుర్తింపున్న వర్క్‌షాపుకే పంపాలన్నదీ చట్టమే. కానీ వర్క్‌షాపువాడు డబ్బడుగుతాడు, పెళ్లాం అడగదు. పెళ్లయిన కొత్తలోనే అత్తగారు వల కుట్టే సూది టూరిడ్ చేతిలో పెట్టి, “ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది చెప్పు, కాలక్షేపంగా ఉంటుంది,” అంది. ఏం కాలక్షేపమో! తడి తాడు వేళ్లను కోస్తుంటే, చంటిదాన్ని కాలితో ఊపుతూ కుట్టింది. పడవవాడికి జీతం, మేత వేసేవాడికి జీతం. ఆమెకి మాత్రం, “మా ఆవిడకి వలలంటే సరదా.” సరదాట! వింటే ఒళ్లు మండేది. అయినా ముడి గట్టిగా పడినప్పుడల్లా గర్వంగానూ ఉండేది. ఆ గర్వం ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

వచ్చిన అధికారి సిగ్నె, టూరిడ్ కూతురి వయసుది. చిరిగిన చోట కోసి తెచ్చిన వల ముక్కని వంటింటి బల్ల మీద పరిచి, “ఇది వర్క్‌షాపు కుట్టు కాదే,” అంది.

ఆస్లాక్ కప్పు దించాడు. “మా ఆవిడండీ. నాకు చెప్పకుండా కుట్టేసింది. ఆడవాళ్లు, చెబితే వింటారా?”

టూరిడ్ ముక్కని వేలితో తడిమింది. కుట్టు చెక్కుచెదరలేదు. దాని పక్కన, వలని కిందికి లాగి ఉంచే బరువు గొలుసు రాసుకుని చిరిగింది. ఆ మాట ఇప్పుడు ఎవరికి కావాలి? ఒప్పుకుంటే ఒక్క వల తప్పు, జరిమానాతో పోతుంది. అన్ని వలలూ తనే కుట్టిందని చెబితే పెంపకం లైసెన్సు పోతుంది, దాంతోపాటు ఈ ఇల్లూ. ఒప్పేసుకోమని ఆస్లాక్ కళ్లతోనే చెబుతున్నాడు. ఎటు చూసినా ఆమెకి మిగిలేదేమీ లేదు.

“మీరే కుట్టారా?” అడిగింది సిగ్నె.

ఆ పని గురించి ఆమెని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

“నేనే,” అంది టూరిడ్. “ఇదొక్కటే కాదు, నీళ్లలో ఉన్నవన్నీ నేనే కుట్టాను, ఆయన కుట్టమంటేనే. అన్నీ పైకి లాగించి చూడండి.”