గెడకు కట్టిన మేత సంచి

నేను ఒక ప్లాస్టిక్ సంచిని. మొదట మోసింది యూరియా. పొలంలో ఖాళీ అయ్యాక ఇక చెత్తకుప్పే అనుకున్నాను. మంగతాయారు నన్ను కడిగి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, తవుడూ వేరుశనగ చెక్కా నింపి, చేపల చెరువులో వెదురు గెడకు కట్టింది. కడుపుకు చిల్లులు పొడిచి మరీ ఉద్యోగమిచ్చేది మనుషులే!

ఆకివీడు దగ్గర ఆ నాలుగెకరాల చెరువును ఆమె సొంతంగా చూసుకోవడం అదే మొదటిసారి. అందులో వదిలినవి ఏడాది వయసున్న శీలావతి చేప పిల్లలు. కావాలనే ఇరుకు కుంటలో, అరకొర మేతతో పెంచినవి. ఒక్కటీ అరచేతిని మించలేదు.

వాటిని చూసి ఆమె బావగారు నాంచారయ్య పకపకా నవ్వాడు.

"గిడసబారిన సరుకమ్మా ఇది! నాలుగు నెలలకి అరకిలో దాటకపోతే చెరువు నాకొదిలెయ్."

"దాటితే?"

"నీ దగ్గర పాఠం చెప్పించుకుంటా."

"ఇప్పుడే వినండి బావగారూ. మత్స్యశాఖ మేడం చెప్పారు. చేప పస్తున్నప్పుడు మెదడు కింద గ్రంథిలో పెరుగుదల హార్మోను ఊరుతూనే ఉంటుందంట. లివరే దాని మాట వినదంట. ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతుందంట. కడుపునిండా మేత పడిందా, లివరు మాట వింటుంది. ఆగిపోయిన ఎదుగుదలంతా పరుగున అందుకుంటుంది."

"లివరుకి చెవులు కూడానా!"

మూడో వారానికి నేను పొద్దున్నే నిండి, టిఫిను వేళకల్లా ఖాళీ అవుతున్నాను. నాంచారయ్య పడవలో వచ్చి నన్ను పైకెత్తి, చిల్లులో వేలు పెట్టాడు.

"చిల్లులు పెద్దవైపోయినయ్. నీ మేత తినేది చేప కాదు, బురద. కుట్టెయ్!"

ఆయన వెళ్లాక మంగతాయారు దిగాలుగా సూదీ దారం తెచ్చింది. తింటున్నది చేపలేనని అరుద్దామంటే నాకు నోరేదీ? ఉన్నవన్నీ చిల్లులే. నన్ను విప్పడానికి ఆమె నీళ్లలో చెయ్యి పెట్టింది. వేళ్లను ఒకేసారి పది నోళ్లు పీకాయి. కెవ్వుమని, ఆనక విరగబడి నవ్వింది. సూది పైటకు గుచ్చేసి, నా పక్కనే ఇంకో సంచి కట్టింది.

నాలుగు నెలలు నిండిన రోజు వల లాగారు. మొదటి చేప ముప్పావు కిలో తూగింది. నాంచారయ్య నమ్మలేదు. తానే ఇంకోదాన్ని పట్టుకున్నాడు. అది తోకతో ఆయన చెంప ఛెళ్లుమనిపించింది.

"విందమ్మా, లివరు బాగానే వింది!" ఆయన మొహం తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. "ఆ పిల్లలు ఎక్కడ దొరికాయో నాక్కూడా చెప్పు."

కూరకని నాలుగు చేపల్ని నాలోనే వేసి బావగారింటికి పంపింది మంగతాయారు. నేను మేపినవాటితోనే నా కడుపు నిండింది.

మర్నాడు నాంచారయ్య నన్ను శుభ్రంగా కడిగి, తన చెరువులో గెడకు కట్టాడు. చిల్లులు మాత్రం కుట్టలేదు.