పక్కన పెట్టిన ముక్క

టిన్‌కెటిల్ ఊళ్లో బెనీటా ఇరిబార్నెకూ గ్రేడీ టాలివర్‌కూ ఓట్లు సరిసమానంగా పడ్డాయి. మళ్లీ మళ్లీ లెక్కపెట్టినా ఒక్క ఓటు అటూ ఇటూ కదల్లేదు. ఇంకోచోటైతే ఎన్నిక మళ్లీ పెట్టేవారేమో. అమెరికాలోని ఈ నెవాడా రాష్ట్రంలో మాత్రం పేక తెప్పిస్తారు. పెద్ద ముక్క తీసినవాళ్లదే పదవి. బయటివాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. కిరాణా కొట్లో పాలసీసాల పక్కనే జూదం యంత్రం ఉండే ఊరు అది. చర్చి పళ్లెంలో డబ్బుకు బదులు జూదం క్లబ్బు బిళ్లలు పడితే సోమవారం పొద్దున్నే ఫాదరు వెళ్లి వాటిని డబ్బుగా మార్చుకొస్తాడు. అలాంటి చోట పేకతో పదవి తేల్చడంలో వింతేముంది?

వింత లేదు గానీ భయం ఉంది. జిల్లాలాంటి ఆ కౌంటీని ఏలే బోర్డులో మూడు కుర్చీలు. ఒకరు టాలివర్ మనిషి, ఒకరు బెనీటా వైపు. ఈ పోటీ మూడో కుర్చీకి. అది ఎవరిదైతే కొండకింద ఊట వాళ్ల చేతుల్లోకి పోతుంది. టాలివర్ కట్టబోయే పెద్ద జూదశాలకు, దాని ముందు ఎగిరిపడే ఫౌంటెన్లకు ఆ నీళ్లే కావాలి. లోయలో గొర్రెల మందలకూ ఆ నీళ్లే దిక్కు. బెనీటా తమ్ముడు పెయో మంద కూడా వాటిలో ఒకటి. నీళ్లు పోతే మంద పోతుంది. మంద పోతే, అరవై దాటిన పెయోకి చేతనైన పని ఇంకోటి లేదు.

ఆ మధ్యాహ్నం కోర్టు హాల్లో నిలబడటానికి చోటు లేదు. క్లబ్బుల్లో ముక్కలు పంచేవాళ్లు, బార్లలో పనిచేసేవాళ్లు, గొర్రెల కాపర్లు, అందరూ వచ్చారు. వచ్చినవాళ్లలో సగం మంది అప్పటికే పందేలు కాసేసుకున్నారు. ఎవరో ముచ్చటపడి క్లబ్బు నుంచి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి బల్లమీద పరిచారు. ఎన్నికల గుమాస్తా హేజెల్ కొత్త పేక విప్పి, రొట్టెలపిండి పిసికినట్టు కలుపుతుంటే వెనక వరసల్లో నవ్వులు లేచాయి.

"నవ్వండర్రా నవ్వండి. నాకేమన్నా మీలాగా ఇదే బతుకా?" అని హేజెల్ కసిరింది. "అందరూ వినండి. పైముక్కే తియ్యాలి. పేకలోంచి మొదట ఏ ముక్క ఎత్తితే అదే వాళ్లది. ఇంకో ముక్క లేదు, ఇంకో మాటా లేదు."

టాలివర్ చిరునవ్వుతో బెనీటా వైపు తిరిగాడు. "బెనీటా గారూ, చొక్కా చేతులు కాస్త పైకి మడవండి. మా నాన్న క్లబ్బులో ముప్పై ఏళ్లు ముక్కలు పంచిన చేతులు మరి. నాకు భయం బాబూ!"

"మడుస్తాలే గానీ, నువ్వు జేబుల్లోంచి చేతులు బయటికి తియ్యి" అంది బెనీటా. "మీ నాన్నకీ అదే చెప్పేదాన్ని."

హాలంతా గొల్లుమంది. బెనీటా మాత్రం నవ్వలేదు. ఆమె చూపంతా ముందు వరసలో కూర్చున్న పెయో మీదే ఉంది. వాడు టోపీని రెండు చేతులతో పట్టుకుని గుడ్డ పిండినట్టు మెలి తిప్పుతున్నాడు.

టాలివర్ ముందు తీశాడు. కళావరు తొమ్మిది. గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది. తొమ్మిదిని బల్లమీద వదిలేసి, మిగతా పేకను హేజెల్ మళ్లీ కలిపి బెనీటా ముందు పెట్టింది.

పది, జాకీ, రాణి, రాజు, ఆసు. ఏదొచ్చినా చాలు. దేవుడా, ఒక్కసారి, అనుకుంది బెనీటా. చెయ్యి చాపింది. వేళ్లు వాటంతటవే కదిలాయి. ముక్క తిప్పి చూపించింది.

ఆఠీను ఆసు!

హాలు దద్దరిల్లింది. కాపర్లు టోపీలు ఎగరేశారు. పెయో పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకుని ఏడ్చేశాడు. టాలివర్ కుర్చీలో కూలబడ్డాడు. పేరు రాయడానికి హేజెల్ కలం తీసింది.

అప్పుడు చూసింది బెనీటా. తన ఎడమచేతి పక్కన, ఆకుపచ్చ గుడ్డమీద, ఒక ముక్క బోర్లా పడి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే.

నెవాడాలో ఏ క్లబ్బులోనైనా పేక కలిపాక మొదటి ముక్కను పంచరు. బోర్లా పక్కన పడేసి, రెండోదానితో ఆట మొదలుపెడతారు. ఆ మొదటి ముక్క ఎవరిదీ కాదు. ఒళ్లు తెలియకుండా తాగినవాడు కూడా దాన్ని లెక్కలోకి తీసుకోడు. ముప్పై ఏళ్లు బెనీటా చేతులు ఆ పనే చేశాయి, ఇవాళా అదే చేశాయి. హాల్లో అందరూ కళ్లారా చూశారు, ఒక్కరికీ పట్టలేదు. పరాయి ఊరివాడు ఒక్కడుంటే అక్కడికక్కడే లేచి అరిచేవాడు. ఆఖరికి టాలివర్ కూడా క్లబ్బులో పుట్టి పెరిగినవాడే. అతనికీ అది కనపడలేదు.

నోరు మెదపకపోతే అయిపోయె. ఊట మిగులుతుంది, తమ్ముడు బతికిపోతాడు. టాలివర్ ఫౌంటెన్లు గంగలో కలుస్తాయి. కానీ పెళ్లి ఉంగరం పందెం కాసి ఓడిన ఆడవాళ్ల ముందు నుంచి, ఏడుస్తున్న మగాళ్ల ముందు నుంచి, బిళ్లలు లాగేసిన చేతులివి. "నేనేం చెయ్యను, ముక్క ఎలా పడితే అలాగే" అని తనకు తానే చెప్పుకుని ఆమె ఇన్నాళ్లూ రాత్రిళ్లు నిద్రపోయింది. ఇవాళ ఈ ముక్కను దాస్తే ఇన్నాళ్లూ తను చేసింది దొంగతనమే అవుతుంది.

"హేజెల్, ఆగు" అంది. "నేను మొదట ఎత్తింది ఆసు కాదు. ఇదీ."

ముందు వరసల వాళ్లు బల్ల చూడటానికి లేచారు.

హేజెల్ కలం చేత్తోనే బెనీటా దగ్గరికి వంగి గుసగుసలాడింది. "నేను చూళ్లేదే. నోరు మూసుకుని కూర్చోవే తల్లీ!"

"అక్కా!" పెయో లేచి నిలబడ్డాడు. "వద్దక్కా!"

టాలివర్ అప్పటికే బల్లదగ్గరికి వచ్చేశాడు. మొహంలో రక్తం తిరిగొచ్చింది. "తిప్పు" అన్నాడు. వెనక ఇద్దరు ముసలాళ్లు ఆ బోర్లా పడ్డ ముక్కమీద కూడా పందెం వేసుకున్నారు. ఆ ఊరికి సిగ్గులేదు.

పెద్దదే అయ్యుండొచ్చు. పది చాలు. బెనీటా గోటితో అంచు లేపి తిప్పింది.

డైమను ఎనిమిది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హేజెల్ ఎవరి మొహమూ చూడకుండా టాలివర్ పేరు రాసింది. అతను వెళ్లబోయి బెనీటా వైపు తిరిగాడు.

"నిజంగా నేను చూళ్లేదు బెనీటా" అన్నాడు.

"తెలుసు. చూసుంటే గుక్క తిప్పుకోకుండా అరిచేవాడివి."

జనం మెల్లగా పలచబడ్డారు. పెయో మాత్రం కదల్లేదు. అందరూ వెళ్లాక వచ్చి అక్క ఎదురుగా నిలుచున్నాడు.

"అబద్ధం కూడా ఆడక్కర్లేదు కదక్కా" అన్నాడు. "ఊరికే ఉంటే సరిపోయేది."

"తెలుసురా."

వాడు నలిగిన టోపీ తలమీద పెట్టుకున్నాడు. "సరే పద. వచ్చి గొర్రెలకి నువ్వే చెప్పు."

బెనీటా కోటు తీసుకుని వాడి వెనకే బయల్దేరింది.