బియ్యం డబ్బాలో సీసా

హైమావతి వంటింట్లోనే ఉంది, అయితే ఆ వంటింటికి గోడలు లేవు, పొయ్యి పక్కనుంచే కాకినాడ సముద్రం మొదలవుతోంది, మోకాలి లోతు నీళ్లలో భోజనాల బల్ల వేసుకుని, పోయి ఏడాదైన మొగుడు పేర్రాజు గళ్ల లుంగీతో కూర్చుని వైన్ గ్లాసును వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. చచ్చినా ఈ మనిషికి ఆ పిచ్చి వదలలేదని ఆమెకు ఒళ్లు మండుతోంది.

పిచ్చి కాక మరేమిటి? రిటైరయ్యాక హైదరాబాదులో ఏదో క్లాసుకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఏ కూరకు ఏ వైనో తేల్చడమే ఆయనకు ఉద్యోగమైంది. చల్లగా ఉంటుందని సీసాలు బియ్యం డబ్బాలో పాతేవాడు. ఆఖరి సీసాకు మూతి చుట్టూ జేబురుమాలు కట్టి, సరైన జోడీ దొరికాకే తీద్దామంటూ ఆదివారానికో వంట చేయించి, రుచి చూసి ఏదీ దానికి కుదరదని పెదవి విరిచి, ఆ జోడీ ఏమిటో చెప్పకుండానే కన్నుమూశాడు. పదో రోజున పిండం పెడితే కాకి ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందంటూ చుట్టాలంతా హైమావతి వంక చూశారు. ఆ సీసాను ముట్టుకోవడానికి చేతులు రాక, ఏడాదిగా దాని చుట్టూ బియ్యం తోడుకుంటూ వచ్చింది. తెల్లారితే సంవత్సరీకం. మళ్లీ కాకి ముట్టకపోతే, ఆయన ఆకలితో తిరుగుతున్నాడన్న మాట ఆమె భరించలేదు.

"ఆ వైన్‌తో ఏం తింటారో చెప్పి కదలండి" అంటుంది.

"చేపల పులుసు తే."

తేవాలనుకునేసరికే గిన్నె బల్ల మీదుంది. ఆయన వేలితో నాకి, "చింతపండు ఎక్కువైంది. పులుపు వైన్‌ని మింగేస్తుంది" అంటాడు.

"పులుపు లేకుండా పులుసేంటండీ?"

గుత్తొంకాయకు నూనె ఎక్కువ, వేటమాంసానికి మసాలా ఎక్కువ. ఆయన వద్దన్న గిన్నె వద్దన్నట్టే నీళ్లలో తేలిపోతోంది, హైమావతి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వాటి వెంట పడుతోంది, బల్లేమో ఎప్పుడో లాంచీ అయిపోయి మెల్లగా కదులుతోంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్నీ నా వంట మీదకే నెడతారేం? మీ కోరిక తీర్చలేదని ఊరంతా నన్నంటోంది. ఒక్క ముక్క చెప్పి చావచ్చుగా" అనేసి, నాలుక కరుచుకుంటుంది.

పేర్రాజు తల దించుకుంటాడు. "నువ్వు మీ చెల్లెలింటికి అమలాపురం వెళ్లావే, అప్పుడే ఆ సీసా బిరడా తీసేశాను. పెరుగన్నంలో మాగాయ నంజుకుని తాగాను."

"పెరుగన్నంతోనా?"

"బ్రహ్మాండంగా కుదిరింది హైమా. ఆ క్లాసు వాళ్లకి చెప్తే నవ్విపోతారు."

"మరి నాచేత అన్నన్ని వంటలెందుకు చేయించారు?"

"దొరికిందంటే ఆదివారాలు అయిపోవూ? నువ్వు టీవీ కట్టేసి నా ఎదురుగా కూర్చుని తిట్టేది ఆ ఒక్క పూటే కదా."

ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వస్తాయి. గరిటె ఎత్తుతుంది గానీ అప్పటికే నీళ్లు బియ్యమైపోయి నడుం దాకా పేరుకుంటున్నాయి, ఆయన నవ్వుతూ అందులోకి దిగిపోతున్నాడు, చెయ్యి అందుకుందామని ఆమె మోచేతి దాకా బియ్యంలో దేవుతుంది.

పాలవాడు బెల్లు కొట్టాడు. హైమావతి లేచి, పాలు అందుకుని, నేరుగా బియ్యం డబ్బా దగ్గరకు వెళ్లింది. సీసా పైకి లాగి జేబురుమాలు విప్పింది. బిరడా తలకిందులుగా దిగ్గొట్టి ఉంది. ఆకుపచ్చ సీసాను ఆయనలాగే వెలుతురుకు పట్టి చూసింది. సగమే ఉంది.

"చెప్పొచ్చుగా మహానుభావా" అంది, ఎవరూ లేని వంటింట్లో.

పిండం సంగతి పంతులుగారు చూసుకుంటారు. ఆమె మాత్రం అదే డబ్బాలోంచి గిద్దెడు బియ్యం తీసి, మెత్తగా ఉడకాలని నీళ్లు ఎక్కువ పోసి పొయ్యి మీద పెట్టింది, మాగాయ జాడీ కిందికి దించింది. డాబా మీద కాకికి పెరుగన్నం. ఇదీ ముట్టకపోతే ఈసారి తిట్లు ఆయనకే.