రైమో పిస్టల్‌కి నాలుగో ట్రిగ్గర్

మా తమ్ముడు రైమో ఆ ఏడాది నా ప్రాణం తోడేశాడు. వాడికి ఏ ట్రిగ్గరూ నచ్చలేదు.

నాన్న పోయాక తుపాకుల మరమ్మతు కొట్టు నేనే నడుపుతున్నాను. మా కుయోపియో ఊరి చుట్టుపక్కల పోటీలకు వెళ్లేవాళ్ల పిస్టళ్లు చాలావరకు నా బల్ల మీదికే వస్తాయి. పిస్టల్‌తో పాటు వచ్చే ట్రిగ్గర్‌తో ఎవరికీ తృప్తి ఉండదు. వేరే కంపెనీది కొనుక్కొస్తారు. నేను దాన్ని బిగించి, స్ప్రింగు మార్చి, లోపల సుత్తిని పట్టి ఉంచే కొక్కెం నునుపు చేసి, వాళ్ల వేలికి కుదిరేట్టు ఇస్తాను. రైమో జిల్లా పోటీల్లో ఏళ్ల తరబడి మొదటి ముగ్గురిలో ఉండేవాడు. ఆ వసంతంలో వాడి గుళ్లు గురి తప్పి ఎడమకీ కిందకీ పోవడం మొదలైంది. గుళ్లు అలా పోతే మా వాళ్లు ఎవరైనా ముందు ట్రిగ్గర్‌నే తిడతారు. నేనూ తిట్టాను.

మొదట వంపు తిరిగిన ఇటలీ ట్రిగ్గర్ తెచ్చాడు.

"అక్కా, ఇది బరువుగా ఉంది."

"లాగడానికి కిలో మీద కాస్త బలం చాలు, అంతే. కిలో కంటే తగ్గితే పోటీలోంచి గెంటేస్తారు."

"నీ తూకం అబద్ధం చెబుతోంది."

"అబద్ధాలు చెప్పడానికి దానికి నీకున్నంత తీరిక లేదు."

తర్వాత బల్లపరుపుగా ఉండే జర్మనీది తెచ్చాడు. అది గరగరమంటోందన్నాడు. నా ముక్కు అందులో కనబడేదాకా కొక్కెం రుద్దాను. మూడోది జీడిలా సాగుతోందన్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా దెబ్బలాడుకునేవాళ్లం.

"ముసలాడివయ్యావు, వెళ్లి కళ్లు చూపించుకోరా."

"కళ్లకేం? నీ మొహం మీద ముడతలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి."

ఆగస్టులో నాలుగోది పట్టుకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది. వాడి నోరు మూయించాలని, చెప్పాపెట్టకుండా దాన్ని అరకిలోకి దించేశాను. అంత తేలికదాన్ని ఏ పోటీలోనూ ఒప్పుకోరు. ఖాళీ పిస్టల్ చేతికిచ్చి, గోడ మీది చుక్కకు గురిపెట్టి లాగమన్నాను. ఈసారి గెలిచాననుకుని నవ్వు ఆపుకుంటున్నాను.

లాగాడు. వేలు వణికింది. చాలాసేపటికి టక్కుమంది.

"చూశావా, ఇంకా బరువే."

అప్పుడు చూశాను వాడి చెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ కరిగిపోయి గుంట పడింది. ఇన్ని నెలలూ ఆ చేతిలోని ఇనుమును చూశాను గాని ఆ చేతిని చూడలేదు.

"రైమో, ఇది అరకిలోరా."

వాడు పిస్టల్ బల్ల మీద పెట్టేసి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోలేకపోతున్నానక్కా" అన్నాడు.

నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బన్నారు ఆసుపత్రిలో. ముందు చెయ్యి, తర్వాత కాళ్లు, మాట, ఊపిరి. మందు లేదు. ఇంటికొస్తూ దారంతా మా ఇద్దరికీ దెబ్బలాటకు కూడా ఏమీ దొరకలేదు.

సెప్టెంబరులో జిల్లా పోటీ. వెళ్తానన్నాడు.

"దాన్ని మళ్లీ కిలోకి తెచ్చిపెట్టు."

"నువ్వు లాగలేవురా. అరకిలోతోనే ఉంచుకుని మన క్లబ్బులో సరదాగా కాల్చుకో."

"నేనెప్పుడైనా సరదాకి కాల్చానా అక్కా? బిగించడం నీ పని. లాగడం నా పని."

బిగించాను. ఏ ట్రిగ్గర్‌నీ అంత శ్రద్ధగా చేయలేదు, ఏ ట్రిగ్గర్ మీదా అంత ఏడవలేదు.

పోటీకి ముందు ప్రతి పిస్టల్ ట్రిగ్గర్‌కీ కిలో బరువు తగిలించి పైకెత్తి చూస్తారు. ట్రిగ్గర్ జారిందంటే ఆ పిస్టల్ పనికిరాదు. ఆ రోజు బరువు దగ్గర కూర్చున్నది ఎన్సియో. వాడిదీ రైమోదీ కుర్రతనం నుంచీ ఒకే క్లబ్బు. జబ్బు సంగతి అందరికీ తెలుసు. రైమో వంతు రాగానే ఎన్సియో బరువును పక్కకు జరిపేశాడు.

"మీ అక్క చేతిపనేగా. చూడక్కర్లేదులే, పో."

"తగిలించు ఎన్సియో. అందరికీ ఎలాగో నాకూ అలాగే."

ఎన్సియో తగిలించాడు. బరువు లేచింది. ట్రిగ్గర్ పట్టు వదల్లేదు.

రైమో అయిదు గుళ్లు నింపుకుని తన చోట నిలబడ్డాడు. కాల్చమని కూత పెట్టారు. అటూ ఇటూ పిస్టళ్లు పేలుతున్నాయి. వాడి చెయ్యి లేచింది. వాడిది మాత్రం పేలలేదు. రెండో చెయ్యి సాయం పెట్టుకోకూడదు, అది నియమం. దించాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ ఎత్తాడు. చూసేవాళ్లకు అడ్డంగా కట్టిన తాడు వెనక నిలబడి నేను గాల్లో నా వేలు లాగుతున్నాను, వాడికేదో అందుతుందన్నట్టు. టైమైపోయింది. వాడు అయిదు గుళ్లూ తీసి బల్ల మీద వరసగా పెట్టి, ఖాళీ పిస్టల్ తెరిచి ఎన్సియోకి చూపించాడు. ఎన్సియో అవసరమైన దానికంటే చాలాసేపు అందులోకి చూశాడు.

రైమో నా దగ్గరికొచ్చాడు.

"బాగుందక్కా ఇది. గరుకు లేదు, సాగడం లేదు. దీంట్లో ఏ తప్పూ లేదు."

ఆ మాట అనిపించుకోవాలనే ఏడాదంతా వాడితో పోట్లాడాను.

"ఏదో ఒక తప్పు చెప్పరా, సరిచేస్తాను" అని అందరి ముందూ వాడి చొక్కా పట్టుకుని ఏడ్చాను.