రెండు వందల పన్నెండో మెట్టు

హార్మ్కె రోజూ ఉదయం ఎనిమిదింటికి సైకిల్ కొట్టు షట్టరు పైకి తోస్తుంది, కెటిల్ పెడుతుంది, నూనె డబ్బా తీసుకెళ్లి పక్కనున్న మెట్లదారిలో పదిహేనో మెట్టు మీద పెడుతుంది. కొట్లో అరలకు కొదవ లేదు. అయినా ఆ డబ్బా చోటు అదే. గొలుసుకు నూనె వేయాల్సి వచ్చినప్పుడల్లా పదిహేను మెట్లెక్కి తెచ్చుకుంటుంది, పనయ్యాక మళ్లీ అక్కడే పెట్టి వస్తుంది.

ఆ మెట్లు కొట్టు పైనున్న విద్యార్థుల ఇంటివి. ఈ గ్రోనింగెన్ ఊళ్లో పాత ఇళ్లన్నిటికీ ఉన్నట్టే నిచ్చెనంత నిటారు. కట్టినప్పుడు పద్నాలుగు. ఆ తర్వాత, పైన గది కోసం వచ్చి కాదనిపించుకున్న ప్రతి మనిషికీ పైకొసన ఒక్కో మెట్టు మొలుస్తూ వచ్చింది. ఈ సెప్టెంబరుకి నూట ఎనభై ఏడు. వీధిలోంచి చూస్తే ఇల్లు మాత్రం రెండంతస్తులే. పిజ్జా తెచ్చేవాడు కింద బెల్లు కొట్టి అక్కడే పెట్టి పోతాడు. పోస్టుమ్యాన్ బెల్లు కూడా కొట్టడు. పైనున్నవాళ్లు గది ప్రకటనలో "మెట్లు కాస్త ఎక్కువ" అని ఒక ముక్క చేర్చారు, అంతే.

ఆ ప్రకటన వీట్స్కె గుడారంలో కూర్చుని చదివింది. ఆమెది ఉత్తరాన సముద్రంలో ఉన్న చిన్న దీవి. తాత అక్కడి దీపస్తంభం చూసుకునేవాడు. సెలవులన్నీ ఆ మెట్లు ఊడ్చుకుంటూ పెరిగిన పిల్ల. ఇప్పుడు మంత్రసాని చదువు మూడో ఏడు. అక్టోబరు ఒకటి నుంచి ఊళ్లో ఒక ప్రసూతి కేంద్రంలో శిక్షణ. వాళ్ల షరతు ఒకటే: ఫోను చేసిన ఇరవై నిమిషాల్లో రావాలి, అంత దగ్గరలో నగర పాలక కార్యాలయంలో నమోదైన చిరునామా ఉండాలి. లేదంటే ఆ చోటు జాబితాలో తర్వాతి అమ్మాయికి పోతుంది, వీట్స్కెకి ఏడాది పోతుంది. గుడారాల మైదానం నుంచి ఊళ్లోకి సైకిల్ మీద నలభై నిమిషాలు. ముప్పయ్యో తేదీన దాన్నీ మూసేస్తారు.

ఇప్పటికి పదిహేడు ఇళ్లు తిరిగింది. ఒక గది ఖాళీ అయితే ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు ఒక సాయంత్రం పాతికమందిని పిలుస్తారు, ప్రశ్నలడుగుతారు, తర్వాత ఓటేసుకుంటారు. ఒక ఇంట్లో ఆమెను పాట పాడమన్నారు. ఒక ఇంట్లో శీర్షాసనం వేసి బీరు తాగమన్నారు. ఇంకోచోట, "నీలో ఉన్న పిచ్చి ఏంటో చెప్పు" అన్నారు.

"పిచ్చేం లేదు. గదే లేదు" అంది వీట్స్కె. జోకనుకుని అందరూ పగలబడి నవ్వి, గది ఇంకెవరికో ఇచ్చారు.

ఇది పద్దెనిమిదో ఇల్లు. మెట్ల దగ్గర సైకిల్ ఆనిస్తుంటే హార్మ్కె కొట్లోంచి తొంగి చూసింది. యాభై ఏళ్ల మనిషి, చేతులు మోచేతుల దాకా మసి.

"నువ్వు ఎన్నోదానివే పిల్లా?"

"ఇరవై ఆరు. చివరిదాన్ని."

"నీళ్లు తాగి ఎక్కు. ఇందాక ఒకమ్మాయి కేకు పట్టుకుని ఎక్కింది, ఇంకా దారిలోనే ఉన్నట్టుంది."

నిజంగానే ఉంది. నూట ఇరవయ్యో మెట్టు దగ్గర గోడకానుకుని, కేకు గుండెలకు హత్తుకుని రొప్పుతోంది. వీట్స్కె ఆమె చేతిలోంచి కేకు తీసుకుని పైదాకా మోసిపెట్టింది.

పైన ఇద్దరున్నారు. ఆరేళ్లుగా లా చదువుతున్న రుట్గర్, కాళ్లు బల్ల మీద. పక్కన కాగితాలతో మాడెలీఫ్, మొహమంతా తేనె పూసుకున్నట్టు నవ్వు. బల్ల మీద గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పెట్టుకునే చిన్న గడియారం. రుట్గర్ దాన్ని పది నిమిషాలకు తిప్పాడు.

"నీకు ఆయాసం రాలేదేంటి?" అంది మాడెలీఫ్.

"దీపస్తంభం మెట్లెక్కి పెరిగాను."

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని ఏదో రాసుకుంది.

"సరే," అన్నాడు రుట్గర్, "నువ్వు జంతువువైతే ఏ జంతువువి?"

"గొర్రెని. మా దీవిలో గొర్రెకి కూడా కొట్టం ఉంటుంది."

రుట్గర్ నవ్వలేదు. "వేళకాని వేళ కాన్పులకి పరుగెడతావట. మా నిద్ర సంగతేంటి?"

"చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతాను. పుట్టేవాళ్లు మన నిద్ర చూసుకుని పుట్టరు కదా."

"అది కాదు, మాక్కావాల్సింది కాస్త సరదా మనిషి."

గడియారం గణగణమంది.

వీట్స్కె తలుపు బయటకొచ్చి వంగి బూట్ల లేసులు కట్టుకుంటోంది. తలుపు పలచన. లోపలి మాట బయటికి ఇట్టే వినిపిస్తుంది.

"ఇంక అందరికీ పంపించెయ్. గది స్టైన్‌కే." అది రుట్గర్ గొంతు.

"స్టైన్‌కని సోమవారమే అనుకున్నాం కదా. మరి వీళ్లందర్నీ ఎందుకు పిలిచినట్టు?"

"సరదాకి. పడవ పందేల్లో నా జట్టువాణ్ని వదిలేసి ఎవరికో ఇస్తానా? చూడు, బీరు ఎంత తెచ్చారో. కేకు కూడానూ!"

ఫోను వణికింది. "వీట్స్కె, నువ్వు సూపర్! కానీ క్లిక్ అవ్వలేదు. గది వేటకి ఆల్ ది బెస్ట్!" చివర ఒక ఎర్ర గుండె.

చెక్క చిటపటలాడింది. అందరికీ ఒకేసారి పంపినట్టున్నారు, మెట్టు మీద మెట్టు మొలుస్తూ తలుపునీ, తలుపు ముందున్న ఆమెనీ పైకి మోసుకుపోయింది. ఇరవై నాలుగు మొలిచాయి. ఇరవై అయిదోది సరిగ్గా ఆమె పాదాల కింద మొలిచింది. ఇంకా పచ్చి కొయ్య వాసన వేస్తోంది.

కాదనిపించుకున్నవాళ్లు ఇన్నేళ్లుగా చేసిన పని ఒక్కటే, దిగిపోవడం. ఏడుస్తూ దిగినవాళ్లున్నారు, తిట్టుకుంటూ దిగినవాళ్లున్నారు, "పర్లేదు లెండి" అంటూ దిగినవాళ్లే ఎక్కువ. వీట్స్కె కట్టిన లేసు విప్పేసింది. బూట్లు పక్కన పెట్టింది. తన మెట్టు మీద తాను కూర్చుంది.

తెల్లారేసరికి మెట్టు మూరెడు వెడల్పయింది. మూడో రోజుకి కాళ్లు చాపుకునేంత అయింది. నాలుగో రోజు గుడారం చుట్ట చుట్టి తెచ్చేసింది. కూర్చుంటే మెట్టు పెరుగుతుందని ఎవరికీ తెలియదు. ఎవరైనా కూర్చుంటే కదా! నీళ్లకీ స్నానానికీ హార్మ్కె తన కొట్టు వెనక గది తాళం ఇచ్చింది.

మొదటిరోజు ఉదయమే రుట్గర్ తలుపు తీసి, ఆమె మీద పడబోయి ఆగాడు.

"ఇవి మా మెట్లు. ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

"మీవి మీరే ఉంచుకోండి. ఇది నాది. నువ్వు సరేనని ఉంటే ఇది పుట్టేదే కాదు."

"మేం పద్ధతి ప్రకారం ఓటేశాం."

"ఎప్పుడు, సోమవారమా?"

రుట్గర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటాయనకి రాస్తాను."

"రాయి. ఆరేళ్లనుంచి చదువుతున్న చట్టం ఒక్క ఉత్తరానికైనా పనికొస్తుందేమో చూద్దాం."

ఇంటాయన హేగ్‌లో ఉంటాడు. ఈ ఇంటి మొహం చూసి పదేళ్లయింది. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది: నా మెట్ల మీద ఎవరూ నివసించరాదు, వెంటనే ఖాళీ చేయించండి. వీట్స్కె దాన్ని హార్మ్కెకి చూపించింది.

"గది ఇవ్వరు, మెట్టు మీదా ఉండనివ్వరు. మరి నేనెక్కడ నిలబడాలండీ, గాల్లోనా?"

హార్మ్కె చేతులు తుడుచుకుని, కొట్టు మూసి, ఆమెను వెంటబెట్టుకుని నగర పాలక కార్యాలయానికి బయల్దేరింది. దారిలో వీట్స్కె అడిగింది:

"ఆ నూనె డబ్బా అక్కడెందుకు పెడతారు?"

"చోటు పోకుండా."

ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం కార్యాలయం నుంచి బూలెన్స్ అనే ఆయన వచ్చాడు, చంకలో ఫైలు, జేబులో టేపు. ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. పైకొచ్చాక ఆయాసం తీరేదాకా వీట్స్కె పక్కనే కూర్చున్నాడు. తర్వాత టేపు తీసి మెట్టు కొలిచాడు, దిండు చూశాడు, గ్లాసులో పళ్ల బ్రష్షు చూశాడు.

"మీరు రోజూ ఇక్కడే పడుకుంటున్నారా?"

"ఇక్కడే."

"యజమాని ఒప్పుకోలు?"

రుట్గర్ ఇందుకోసమే తలుపు సందులో కాచుకుని ఉన్నాడు. "ఒప్పుకోలేదు! ఇదిగో ఉత్తరం."

బూలెన్స్ ఉత్తరం చదివాడు. ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. "రెండేళ్ల క్రితం అగ్నిమాపక శాఖవాళ్లు అడిగారు, ఇంటికి ఎన్ని మెట్లని. ముప్పై దాటితే రెండో దారి కట్టించాలి. ఖర్చు. మీ ఇంటాయన పద్నాలుగేనని రాసి సంతకం పెట్టాడు."

"అయితే?"

"అయితే ఈయనవి పద్నాలుగు. మిగతా నూట తొంభై ఎనిమిదీ ఈయనవి కావు. ఈయన మాటే."

"మరి ఎవరివి?"

"ఎవరి కోసం మొలిచాయో వాళ్లవి" అన్నాడు బూలెన్స్, ఇది కూడా అడగాలా అన్నట్టు. చిరునామా గడిలో వీధి పేరు రాసి, ఇంటి నంబరు రాసి, దాని పక్కన '212వ మెట్టు' అని రాశాడు.

"అంటే మా తలుపు..." అన్నాడు రుట్గర్.

"మీ తలుపు చాలామంది ఇళ్లకి అవతల ఉంది, బాబూ. దారి అడిగి వెళ్లండి."

ఆయన వీట్స్కెతో కలిసి దిగేటప్పుడు పదిహేనో మెట్టు దగ్గర హార్మ్కె నిలబడి ఉంది. మసి చేతులు వెనక్కి పెట్టుకుని అడిగింది:

"ఇది ఎవరి పేరున ఉందండీ?"

బూలెన్స్ ఫైలు చూశాడు. "ఖాళీగా ఉంది."

"ఇరవై తొమ్మిదేళ్ల క్రితం నేను టీచరు చదువుకి వచ్చాను. మొట్టమొదట కాదన్నది నన్నే. గది దొరక్క చదువు మానేసి, కింద కొట్లో పంక్చర్లు వేసే పనికి చేరాను." వీట్స్కె వైపు తిరిగింది. "అప్పుడు నాకు కూర్చోవాలని తోచలేదే!"

ఆ శనివారం కేకు అమ్మాయి పరుపు వీపున వేసుకుని తన మెట్టు వెతుక్కుంటూ వచ్చింది.

అక్టోబరు మొదటి గురువారం మధ్యాహ్నం వీట్స్కె ఫోను మోగింది. చెప్పులు చేత పట్టుకోవాల్సిన పని లేకపోయింది. దీపస్తంభం కాళ్లు రెండు వందల పన్నెండు మెట్లూ దడదడా దిగాయి. పదిహేనో మెట్టు ఇప్పుడు కుర్చీ పట్టేంత వెడల్పుగా ఉంది. హార్మ్కె కుర్చీలోనే కాళ్లు పక్కకి లాక్కుంది.

"పరుగెత్తు, పిల్లా!"

పదహారు నిమిషాల్లో చేరింది. సాయంత్రం నాలుగింటికి ఆమె చేతుల్లోకి ఒక ఆడపిల్ల గుప్పిళ్లు బిగించుకుని, ఊరంతా వినేలా అరుస్తూ వచ్చింది.

అదే వేళకి రుట్గర్ రెండు చేతులా సరుకుల సంచులతో మెట్లు మొదలుపెట్టాడు. పద్నాలుగు ఎక్కి ఆగాడు. పదిహేనో దాని మీద హార్మ్కె టీ తాగుతోంది.

"కాస్త దారిస్తారా?"

"ఎందుకివ్వను?" అంది హార్మ్కె. "ముందు ఇది చెప్పు నాయనా. నువ్వు జంతువువైతే ఏ జంతువువి?"

రుట్గర్ నవ్వబోయాడు. హార్మ్కె నవ్వలేదు. పైనుంచి కేకు అమ్మాయి తల వంచి చూసింది. సంచుల్లో పాలసీసాలు బరువు. అతను వాటిని పద్నాలుగో మెట్టు మీద దించి, ఆలోచించడం మొదలుపెట్టాడు. ఈ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

హార్మ్కె కుర్చీ కిందనుంచి గుడ్ల గడియారం ఒకటి తీసి, పది నిమిషాలకు తిప్పి, నూనె డబ్బా పక్కన పెట్టింది.