గొర్రెల దావ

నా కూతురు సువర్ణ ఇల్లు కట్టుకునేటప్పుడు నేల చూడలేదు, నీళ్ళు చూడలేదు. దావ చూసింది.

కురబలకోట పక్కన మా పాలెం నుంచి మదనపల్లెకు పోయే బండిబాట ఊరి నడివీధిలోంచి పోతుంది. ఆ వీధిలో మావాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నడవాలి. మేం ఏసుప్రభువును నమ్ముకున్నా, నా కూతురు మిషన్ ఆసుపత్రిలో తెల్లచీర కట్టి ఆయాగా పనిచేస్తున్నా, ఆ వీధికి మేం పాలెం వాళ్ళమే. గుట్ట మీదుగా మాత్రం ఒక కాలిదావ ఉండేది. దానిమీద పోతే ఎవరి వీధీ తొక్కనక్కరలేదు, దూరమూ సగమవుతుంది.

సువర్ణ తొలిచూలు బిడ్డ నా గుడిసెలోనే పుట్టింది. ఏడవకుండానే పోయింది. ఆ పిల్లను పూడ్చిన వారానికి సువర్ణ మొగుణ్ణి, బర్నబాసును, గుట్ట కిందికి తీసుకుపోయి దావ మొదట్లో నిలబెట్టి, "ఈడే కడదాం" అంది.

"నలుగురి మధ్య ఉండక నక్కలకు తోడుంటావా?" అని నేను తిట్టిపోశాను.

"ఈణ్ణించి ఆసుపత్రికి బిరీన పోవచ్చు మా. మళ్ళీ కాన్పొస్తే డాక్టరమ్మ సేతిలోనే కంటాను. ఈ తూరి బిడ్డను పోగొట్టుకోను" అంది.

దాని మొండితనం నాదే. ఇల్లు లేచింది. ఏడాది తిరిగేసరికి పక్కన ఇంకో మూడు గడపలు లేచాయి. కట్టెలమ్మేవాళ్ళు, టౌనులో కూలికి పోయేవాళ్ళు, అందరూ దావను చూసుకునే వచ్చారు. నేనూ మూటాముల్లే సర్దుకుని పోయాను. కోపంతో ఒక్కదాన్నే ఎన్నాళ్ళని ఉంటాను?

ఆ దావ మనుషులు వేసింది కాదు. కదిరప్ప అనే గొర్రెలాయన పొద్దున మందను గుట్టకు తోలి, సాయంత్రం దించి, రైతుల చేలల్లో ఎరువుకు మంద కట్టేవాడు. ఒకసారి బర్నబాస్, "నీ పుణ్యాన మాకు దావ దొరికింది కదిరప్పా" అంటే ఆయన నవ్వాడు.

"నాదేముందప్పా? అవి సిగుళ్ళు తింటాండాయి, తొక్కతాండాయి. మీరు నడస్తాండారు."

మేమూ నవ్వాం. ఆ మాటకు భయపడాలని ఒక్కరికీ తట్టలేదు.

యుద్ధం వచ్చింది. మిలిటరీ వాళ్ళ తిండికని బెంగళూరు కంట్రాక్టర్లు మందలకు మందలు కొనుక్కుపోయారు. ఆ వెనకే కరువు. మిగిలిన గొర్రెలు రోగం తగిలి చచ్చాయి. కదిరప్ప గొంగడి భుజాన వేసుకుని, పెళ్ళాం బిడ్డలతో కుప్పం పోయాడు, రైలు కట్ట మీద కూలి దొరుకుతుందని.

మరుసటేడు వానలు బాగా పడ్డాయి. ఊరంతా సంబరపడింది. గుట్ట మీద రేగుకంపా పరికికంపా నడుమెత్తు లేచి దావను మింగేశాయి. బర్నబాస్ ఆదివారం గుడి నుంచి వచ్చి మచ్చుకత్తి పట్టుకుని పోయేవాడు. కొట్టినచోటే మళ్ళీ రెట్టింపుగా లేచేది. మంద రోజూ చేసే పనిని మనిషి వారానికొకసారి చేస్తే ఏం లాభం? పక్క గడపల వాళ్ళు ఒక్కొక్కరే పాలేనికి తిరిగి పోయారు. సువర్ణ మళ్ళీ చెప్పులు చేత పట్టుకుని ఊరి వీధిలో నడిచింది. అప్పటికే కడుపుతో ఉంది.

డాక్టరమ్మ నెల ముందే వచ్చి ఆసుపత్రిలో ఉండమంది. వచ్చే సోమవారం పోదామనుకున్నాం. నొప్పులు అంతదాకా ఆగలేదు. గంగమ్మ జాతర నాడు, తెల్లారగానే మొదలయ్యాయి.

జాతరకు ఊరు కట్టేస్తారు. పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లాక, మర్నాడు పొద్దు పొడిచేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. కట్టు తెగితే అమ్మవారు ఊరి మీద పడుతుందని వాళ్ళ భయం. మా పాలెమూ మా ఇల్లూ పొలిమేరకు బయట. మదనపల్లె బాట ఊరి లోపలినుంచి.

పాలెం మంత్రసాని సిద్ధమ్మ ముందురోజే మా ఇంటికొచ్చి ఉండింది. కడుపు మీద చెయ్యి పెట్టి చూసి మొహం వేలాడేసింది. "బిడ్డ అడ్డం తిరిగుండాది. నా సేత కాదు. ఆసుపత్రికి మోసుకోనిపోండి."

బర్నబాస్ పొలిమేర దగ్గరికి పరుగెత్తాడు. వెనకే నేనూ పోయాను. అక్కడ ఊరిపెద్ద గోవిందరాజులు వేపమండ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మంచం ఒక్కటి దాటనీప్పా. నా పెండ్లాం సచ్చిపోతాది" అన్నాడు నా అల్లుడు.

గోవిందరాజులు చేతులు జోడించాడు. "పోయినేడు నా మనవరాలు అమ్మోరు పోసి సచ్చిపోయింది బర్నబాసూ. ఈ ఊర్లో ఎంతమంది బిడ్డలుండారో సూడు. రేపు పొద్దునదాకా ఓర్సుకో. నీకు దండం పెడతా."

ఊరిపెద్ద మావాడికి దండం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరగబడేవాళ్ళం, కట్టు తెంచుకుని పోయేవాళ్ళం. ఏడుస్తున్న ముసలివాడిని తోసుకుని ఎట్లా పోతాం?

గుట్ట ఒక్కటే మిగిలింది. పాలెం నుంచి నలుగురు మగవాళ్ళొచ్చి మంచం ఎత్తారు. బర్నబాస్ ముందు కంప నరుకుతూ పోయాడు. అతను నరికినంత మేరే మంచం కదిలేది. ముళ్ళు సువర్ణ చీరను పట్టుకుని లాగేవి. ఒక్కో ముల్లూ విడదీస్తూ నేను పక్కన నడిచాను. అల్లుడి చేతుల నిండా నెత్తురు. ఆగమంటే ఆగలేదు.

"ఇంగెంత దూరం మా?" అంది సువర్ణ.

"అదో, ఆ బండ దాటితే దిగుడే తల్లీ" అన్నాను. నాకు కంప తప్ప ఏమీ కనపడటం లేదు.

"బిడ్డ కదల్లేదు మా."

"నిద్రపోతాండాది" అన్నాను. ఇంకేం చెప్పను?

గుట్ట నెత్తికి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మంచం దించమంది సిద్ధమ్మ. బిడ్డ ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుసు, నా కూతురు మాత్రం నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆ పట్టు విప్పడం నా వల్ల కాలేదు. సిద్ధమ్మ విప్పింది. ఎవరిని తిట్టాలో తెలియక దేవుణ్ణి తిట్టాను. ఇప్పటికీ ఆ మాటలు వెనక్కి తీసుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మంచం ఎక్కడా తగులుకోలేదు.

గుట్ట అవతల మిగిలిన సగం దావ కూడా బర్నబాసే కొట్టాడు. నెల తిరగకుండానే జనం ఆ దావన నడవడం మొదలుపెట్టారు. కట్టెల మోపులు, కూరగాయల గంపలు, టౌనుకు పోయే కూలీలు. నేను గడపలో కూర్చుని వాళ్ళ కాళ్ళనే చూసేదాన్ని. ఒక్కొక్కరినీ ఆపి చెంప పగలగొట్టాలనిపించేది.

ఒకనాడు సోమల నుంచి కొత్తజంట వచ్చింది. జీవానందం, సుహాసిని. ఆ పిల్లకు ఐదో నెలో ఆరో నెలో. మా ఇంటి పక్కన ఖాళీ అయిన స్థలంలో దిగుతామన్నారు.

"ఆసుపత్రికి దగ్గరంట గదా అన్నా?" అని జీవానందం బర్నబాసును అడిగాడు. బర్నబాస్ తల దించుకుని లోపలికి పోయాడు.

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "ఈ దావను నమ్మొద్దు. వానలొస్తే మూసకపోతాది. నా కూతురు దీని మీదే సచ్చిపోయింది. యాడికన్నా పోండి."

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. కానీ కదల్లేదు.

"యాడికి పోమంటావు పెద్దమ్మా? మా ఊర్లోనూ ఇట్టాంటి వీధే, దాంట్లో వంగి వంగి నడిసి మా యక్క దావలోనే కన్నది. ఇద్దురూ దక్కల్యా."

ఆ సాయంత్రమే వాళ్ళు గుంత తవ్వి గుంజ నిలబెట్టారు. జీవానందం మట్టి పోస్తుంటే గుంజ వాలకుండా పట్టుకునేవాళ్ళు లేరు. నేనే లేచి పోయి పట్టుకున్నాను.