గాలి మీద వేసిన నింద

మూడోసారి కూడా వాళ్లకంటే ముందే ఎవరో మేపేశారు.

బీరన్న కుంటగట్టు మీద నిలబడి చూశాడు. నిన్న జానెడెత్తు ఉన్న గరిక నేలమట్టానికి వచ్చింది. గొర్రె పెంటికలు ఇంకా ఆరలేదు. అవతలి మిట్ట మీదికి సైదులు మంద తీరిగ్గా ఎక్కిపోతోంది. సైదులంటే పరాయివాడేమీ కాదు, బీరన్న బామ్మర్ది గుర్వయ్యకు కొత్త వియ్యంకుడు.

ఎండలు ముదరగానే బీరన్న, గుర్వయ్య మందలు తోలుకుని పాలమూరు దిక్కు నుంచి హాలియా వైపు కాలువ కింది పొలాలకు రావడం ఏటా ఉన్నదే. ఈసారి కాలువ బందైంది, వరికొయ్యలు సైతం ఎండి గలగలమంటున్నాయి. ఈనిన గొర్రెలు పదిహేడు. పచ్చిక దొరక్కపోతే వాటికి పాలు రావు, పిల్లలు నిలవవు.

గుట్టల్లో ఫోన్లు పలకవని ఇద్దరూ కలిసి హైదరాబాదు నుంచి రెండు చేతి రేడియోలు తెచ్చుకున్నారు. బీరన్న ముందు పోయి మేత చూసి సెట్టులో చెప్తాడు. తెల్లారి ఇద్దరూ అక్కడికి తోలుతారు.

“నేను మొత్తుకుంటనే ఉన్న” అంది అతడి భార్య బక్కమ్మ, చంకలో గొర్రెపిల్లను సర్దుకుంటూ. “దుకాణపాయన చెప్పలే? ‘ఈ ఇరవై ఏడు మెగాహెర్ట్జ్ సెట్టుకు లైసెన్సు అక్కర్లే, కానీ లైసెన్సు లేని గాలి అందరిది, సెట్టున్నోడల్లా ఇంటడు’ అని. నువ్వేమో ఊరంతా దండోరా ఏసినట్టు చెప్తవు.”

“సైదులు కాడ సెట్టున్నదా?”

“నాకేమెరుక? గాలికి గోడలుంటయా?”

కానీ బీరన్న చూసింది వేరే ఉంది. గుర్వయ్య రోజూ పొద్దుగూకే వేళ బీడీలకని రోడ్డు దాకా పోతాడు. ఫోను పలికేది ఆ రోడ్డు మీదే. పోయినవాడు బీడీకట్ట ఒకటే తెస్తాడు, నిన్నటి కట్ట రుమాలులో ఇంకా సగం ఉండగానే.

ఆ మధ్యాహ్నం గుర్వయ్య దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. “నీ సెట్టు ఇటియ్యి. మోటరు షెడ్డుల కరెంటున్నది, రెండూ చార్జింగు పెడ్త.”

“నీకెందుకు బావా అంత తిప్పలు” అంటూనే గుర్వయ్య ఇచ్చేశాడు.

షెడ్డు వెనక కూర్చుని బీరన్న తన సెట్టు మీట నొక్కాడు. నీళ్ల మీద, మేత మీద అబద్ధమాడితే మంద నిలవదని తండ్రి చెప్పేవాడు. నలభై ఏళ్లలో ఒక్కసారీ ఆడలేదు. “ఎర్రకుంటల పచ్చికున్నది బామ్మర్దీ” అన్నాడు, వినే బామ్మర్ది లేని గాలిలోకి. ఎర్రకుంటలో రాళ్లు తప్ప ఏమీ లేదు.

పొద్దు వాలుతుండగా గుర్వయ్య పక్కన కూర్చుని చెవిలో ఇంకో మాట చెప్పాడు. “చింతలకుంటల తడున్నది, మంచి మేత. రేపు తోలుదాం.” అదీ అబద్ధమే.

“మంచిగయింది బావా” అని గుర్వయ్య లేచాడు. “జర రోడ్డు దాకా పోయొస్త, బీడీలు ఒడిసినయ్.”

తెల్లవారక ముందే బీరన్న షెడ్డు నుంచి సెట్లు తెచ్చి, గుర్వయ్యది అతడి గొంగడి పక్కన పెట్టి, బక్కమ్మను లేపి తన మందను కదిలించాడు. “నడువు. నీ గాలి సంగతి చూద్దాం.”

ఎర్రకుంటలో పురుగు కూడా లేదు. గాలిలో చెప్పిన మాట ఎవరూ వినలేదన్నమాట. అరగంట నడిచి చింతలకుంట గట్టెక్కారు. నెర్రెలిచ్చిన మట్టిలో రెండొందల గొర్రెలు తలలు వేలాడేసి నిలబడి ఉన్నాయి. మధ్యలో సైదులు.

“ఏందన్నా ఇది?” సైదులు ఎదురొచ్చాడు. “మంచి మేతున్నదని నిన్న గుర్వయ్య బావ ఫోన్‌ల చెప్పిండు. పాపం, నువ్వే చెప్పమన్నవంట గదా. ముందు కొత్త సుట్టాలను మేపుకోనియ్యమన్నవంట.”

బక్కమ్మ చంకలోని పిల్లను కిందికి దించింది. ఎందుకు దించిందో ఆమెకే తెలిసినట్టు లేదు.

బీరన్న సైదులు ముఖాన్ని కాసేపు చూశాడు. అందులో కపటం లేదు. “నేను తప్పు జెప్పిన. గొర్లేం జేసినయ్, మోటరు కాడ తొట్టి నిండ నీళ్లున్నయ్. తాపుకో పో” అన్నాడు.

ఇద్దరూ మందను వెనక్కి మళ్లించారు. తమ్ముడు గుర్వయ్యను ఎనిమిదేళ్లు వచ్చేదాకా వీపున మోసింది బక్కమ్మే. వాడికి తొలి మంద కట్టించింది బీరన్న, తన మందలోంచి గొర్రెలను విడదీసి.

పొద్దెక్కాక నడుముకున్న సెట్టు గరగరలాడింది.

“బావా, ఓ బావా! ఏ దిక్కున్నరు? చింతలకుంటకు తోల్దమా?”

బీరన్న చెయ్యి సెట్టు దాకా పోయి ఆగిపోయింది. బక్కమ్మే దాన్ని లాక్కుని మీట నొక్కింది.

“తమ్మీ” అంది. “మీ బావ లేడు. నేను గూడ లేను.”

మీట వదిలింది. అవతలి నుంచి “అక్కా… అక్కా…” అని వినబడుతూనే ఉంది. బీరన్న సెట్టు తీసుకుని బంద్ చేసి, మూడు రోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న, పచ్చిక మిగిలిన వాగు మలుపు వైపు మందను తిప్పాడు.